విడుదల వారం

ఉభయ గోదావరి జిల్లాల్లో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళకి ఏడాది పొడుగునా ఎవరి క్లబ్బు వాళ్ళకుండేది. కార్తీకమాసంలో ఒక్క వారం మాత్రం ఎవరికీ ఏ క్లబ్బూ ఉండేది కాదు. ఆ వారంలో ఎవరు ఎటైనా పోవచ్చు, ఏ క్లబ్బు వాళ్ళు ఎవర్నయినా పిలుచుకోవచ్చు. శనివారం సాయంత్రం అయిదింటిలోపు రాజమండ్రిలో సంఘం ఆఫీసుకెళ్ళి సంతకం పెడితే, ఇక ఏడాదిపాటు వాళ్ళ మనిషే. సంఘం వాళ్ళు దానికేం పేరు పెట్టుకున్నారో గానీ జనం మాత్రం విడుదల వారం అనేవారు. ఆ వారం వచ్చిందంటే క్లబ్బు పెద్దలకి అన్నం సహించేది కాదు. ఆటగాళ్ళేమో కొత్తల్లుళ్ళ కంటే బిగుసుకు కూచునేవారు. మామూలు రోజుల్లో సైకిలు పాడైతే నడిచొచ్చే మనిషి, ఆ వారం కారు పంపిస్తే గానీ గుమ్మం దిగేవాడు కాదు.

ద్రాక్షారామం క్లబ్బుకి సెక్రటరీ దొరబాబు. కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్నాయి, చూసుకోవడానికి పాలేళ్ళున్నారు, దొరబాబు చేసే పనల్లా కలలు కనడం. చేలో నీళ్ళు పెట్టిస్తానని వెళ్ళి గట్టు మీద నిలబడిపోయేవాడు. ఆ నీళ్ళు పక్కవాడి చేలోకి పోతున్నా పట్టేది కాదు. పోనీ ఆటొచ్చా అంటే అదీ రాదు. హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ కోర్టు బయట కూచుని మిగతావాళ్ళ చొక్కాలు కాపలా కాశాడు. అలాంటి మనిషికి ఆట మీద అంత ప్రేమేమిటో భీమేశ్వరుడికే తెలియాలి.

అప్పట్లో దొరబాబు చేతికి చొక్కా ఇచ్చి కోర్టులోకి దిగేవాళ్ళలో చిట్టియ్య ఒకడు. కోటిపల్లి రేవులో చేపలు పట్టేవాళ్ళ పిల్లాడు, పొట్టివాడు. బంతి చేతికొచ్చిందంటే మాత్రం అటు చూస్తూ ఇటు విసిరేవాడు. ఎదుటి జట్టు మొత్తం ఒక పక్కకి పరిగెత్తేది, బంతి ఇంకో పక్క మనవాడి చేతుల్లో పడేది. బడి అయిపోయాక దొరబాబు క్లబ్బు పెట్టాడు. చిట్టియ్య ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరాడు, సాయంత్రాలు సైకిలు మీదొచ్చి ఆడుతూనే ఉన్నాడు. రింగులకి వలలు కూడా తనే అల్లి కట్టేవాడు. ఏటా విడుదల వారంలో ఎవరూ చెప్పకుండానే రాజమండ్రి వెళ్ళి, సంతకం పెట్టి, బస్సు దిగి నేరుగా డ్యూటీకి పోయేవాడు. జట్టుకి కెప్టెన్ కూడా అతనే. కెప్టెన్ చేసిందెవరో ఎవరికీ గుర్తులేదు.

ఇన్నీ ఉండి, క్లబ్బుకి పొడుగాటి మనిషి లేడు. చిట్టియ్య ఎంత బాగా విసిరినా పైకెగిరి అందుకునేవాడు లేక బంతి వృథాగా పోయేది. తొంభయ్యేడులో ఎలాగో ఒక పొడుగువాణ్ణి సంపాదించారు. వాడు విడుదల వారంలో ఒక పెళ్ళి భోజనం మధ్యలో చెయ్యి కడుక్కోవడానికని లేచి మళ్ళీ విస్తరి దగ్గరికి రాలేదు. జంగారెడ్డిగూడెం వాళ్ళు మోటారుసైకిలు ఎక్కించుకుపోయారు. వాడు తినకుండా వదిలేసిన పూర్ణం బూరెల్ని చూస్తూ దొరబాబు చాలాసేపు అక్కడే కూచున్నాడు. "అన్నం దగ్గర్నుంచి ఎత్తుకుపోతారాండీ, వీళ్ళసలు మనుషులేనా?" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ మరుసటేడు సామర్లకోటలో ఉదయ్‌కుమార్ అనే కుర్రాడున్నాడని తెలిసింది. హైదరాబాదు స్పోర్ట్సు హాస్టల్లో ఉండి తిరిగొచ్చాడు, ఆరడుగుల ఆరంగుళాల మనిషి, ఇంకా ఏ క్లబ్బుకీ పోలేదు. దొరబాబు వెళ్ళి చూశాడు. ఆ కుర్రాడు రింగు కింద నిలబడి ఊరికే చెయ్యెత్తాడంతే, దొరబాబుకి కళ్ళు చెమర్చాయి. చిట్టియ్య విసరాలి, వీడు అందుకోవాలి. ఆ ఒక్క పాసు కళ్ళారా చూస్తే చాలు, కప్పు వస్తే వచ్చింది పోతే పోయింది అనిపించింది.

ఆ ఆదివారం దొరబాబు అరుగు మీద సమావేశం జరిగింది. సమావేశమంటే దొరబాబు, క్లబ్బు కోచ్ అప్పాజీ మాస్టారు, కాఫీ తెచ్చిన దొరబాబు భార్య రామతులసి. అప్పాజీ మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నస్యం అలవాటు.

"లాంచీ అండి" అన్నాడు దొరబాబు.

"లాంచీ ఏంటయ్యా?"

"రేపు పొద్దున్నే ఆ కుర్రాణ్ణి లాంచీ ఎక్కించేస్తాం. పాపికొండల్లోకి తీసుకుపోతాం. అక్కడికి మోటారుసైకిళ్ళు రావు, ఫోన్లుండవు. శనివారం రాజమండ్రిలో దింపి సంతకం పెట్టిస్తాం. మధ్యలో వాడికి కనపడేది మనమూ, గోదారీ, కొండలూ. అంతే."

"ఎలక్షన్లప్పుడు మెంబర్లని దాచినట్టన్నమాట" అన్నాడు అప్పాజీ మాస్టారు, ముక్కు తుడుచుకుంటూ.

"జంగారెడ్డిగూడెం వాళ్ళు ఎత్తుకుపోయారు కదండీ, మనం దాస్తే తప్పేంటి?"

రామతులసి గ్లాసులు తీస్తూ ఆగింది. "మరి మిగతావాళ్ళ సంగతేంటండీ? చిట్టియ్యకి ఒకసారి కబురు పెట్టకూడదా?"

"చిట్టియ్యకి కబురేంటే! మనోడే కదా" అన్నాడు దొరబాబు నవ్వుతూ. "ఇంట్లో మనిషిని ఎవరైనా పిలుస్తారా?"

"మీ పిన్నిగారు ఇంట్లో మనిషే కదండీ. మా చెల్లెలి పెళ్ళికి బొట్టు పెట్టి పిలవలేదని ఇప్పటికీ మన గుమ్మం తొక్కలేదు."

"ఆ గొడవలు వేరు. ఇది ఆట."

ఆట ఆడేది మనుషులే కదా అనైనా తోచొద్దూ? పక్కింట్లో పెళ్ళైనా సరే, ఆడవాళ్ళొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే గానీ కదలని ఊళ్ళో పుట్టాడు. తనని సరిగ్గా పిలవలేదని మేనమామ ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళకుండా తోటలో కూచున్నాడు కూడా. అయినా ఆ క్షణాన తోచలేదు. మనవాడు అనుకున్నాక ఇక అడిగేదేముందనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

సోమవారం పొద్దున్న లాంచీ రాజమండ్రి రేవు నుంచి బయల్దేరింది. రామతులసి రెండు బుట్టల్లో ఆత్రేయపురం పూతరేకులూ, కాజాలూ, అరిసెలూ సర్ది పంపింది. కార్తీకమాసం కాబట్టి నీచు లేదు. వంటవాడు పొద్దుటే కంద బచ్చలి, మధ్యాహ్నం గుత్తివంకాయ, సాయంత్రం పెరుగావడలు చేసి ఉదయ్‌కుమార్‌కి కొసరి కొసరి పెట్టాడు. ఆ కుర్రాడు చాలండీ అంటే, అప్పాజీ మాస్టారు "అదేంటి నాయనా, మా ఊరి మర్యాద తీసేస్తావా?" అని ఇంకోటి వేయించేవాడు. పాపం, వాడు గిన్నెలూ బుట్టలూ చూస్తేనే బెదిరిపోయే స్థితికొచ్చాడు.

పోలవరం దాటాక నది ఇరుకైంది. పొద్దున్నే మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలిసేది కాదు. ఇంజను చప్పుడు లేకపోతే లాంచీ కదులుతోందో కొండలు కదులుతున్నాయో చెప్పడం కష్టం. ఎండ పైకొచ్చేసరికి మంచు మెల్లిగా విడిపోయి ఒక కొండ కనపడేది, దాని వెనకాల ఇంకో కొండ, ఎక్కడో ఒడ్డున ఒక ఆడమనిషి వదిలిన దీపం అరటిదొప్పలో అలా అలా తేలుతూ వచ్చి లాంచీ పక్కనుంచి పోయేది. ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. మాట్లాడబుద్ధి పుట్టేది కాదు.

మధ్యాహ్నం భోజనం కాగానే దొరబాబు లాంచీ పైన చాప పరుచుకుని కళ్ళు మూసుకునేవాడు. వెంటనే కల వచ్చేది. కొండలు రెండూ కాస్త పక్కకి జరిగేవి. మధ్యలో గోదావరి గట్టిపడి సిమెంటు కోర్టయ్యేది, దాని మీద తెల్లగీతలు. ఆ చివర ఇసకతిన్నె మీద చిట్టియ్య ఒట్టికాళ్ళతో నిలబడి, పడమటికి చూస్తూ తూర్పుకి విసిరేవాడు. బంతి కొండనీడలోంచి పైకి లేచి ఎండలోకి వచ్చేది. ఎంతకీ కిందికి వచ్చేది కాదు. ఇటు పక్క ఉదయ్‌కుమార్ నీళ్ళమీంచి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పైకి లేచి చెయ్యి చాపేవాడు. సరిగ్గా అప్పుడే అప్పాజీ మాస్టారు నస్యం పీల్చి తుమ్మేవాడు. రోజూ ఇదే వరస. "కాస్త ఆగి తుమ్మకూడదాండీ?" అన్నాడు దొరబాబు ఒకరోజు ఒళ్ళు మండి. మాస్టారికి అర్థం కాలేదు.

గురువారం సాయంత్రం లాంచీని పేరంటాలపల్లి దగ్గర కట్టారు. ఉదయ్‌కుమార్ అంచున కూచుని నీళ్ళలో కాళ్ళు పెట్టాడు. అంత పొడుగు కాళ్ళు, మోకాళ్ళ దాకా మునిగాయి.

"ఒక మాట అడగనాండీ?" అన్నాడు. "చిట్టియ్యగారు ఈ ఏడు కూడా ఆడతారు కదండీ?"

"ఆడకపోవడమేంటయ్యా? ఆయన లేకుండా మాకు జట్టేది?"

"అయితే ఇన్ని తిండ్లు పెట్టక్కర్లేదండి, నేనెలాగూ వచ్చేవాణ్ణే." కుర్రాడు సిగ్గుపడ్డాడు. "చిన్నప్పుడు మా సామర్లకోటలో టోర్నమెంటు జరిగిందండి. నేను పోస్టు వెనకాల నిలబడి చూశాను. ఆయన నా వైపు విసిరారండి. అంటే నాకు కాదు, నా ముందున్న ఆయనకి. ఆయన అందుకోలేదు, బంతొచ్చి నా గుండెల మీద తగిలింది. ఆ పాసు నాకే రావాలని అప్పట్నుంచీ కలలొస్తాయండి. హైదరాబాదులో అందరూ బలంగా విసురుతారు గానీ అలా ఎవరూ విసరరండి."

దొరబాబు తనొక్కడికే అనుకున్న కల ఇంకొకడికి కూడా వస్తోంది. ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేద్దామనుకుంటే, కూచున్నా ఆ భుజం ఎత్తుగానే ఉంది. "వస్తుంది నాయనా, నీకే వస్తుంది" అన్నాడు. అంత సంతోషం తన పెళ్ళి రోజున కూడా పడలేదు. ఇది రామతులసికి ఎప్పుడూ చెప్పలేదు లెండి.

శనివారం మూడున్నరకి రాజమండ్రిలో దిగారు. సంఘం ఆఫీసు మెయిన్‌రోడ్డు పక్క సందులో, మేడ మీద ఒక గది. కింద సోడాల కొట్టు. మొహం కడుక్కుని వస్తానని ఉదయ్‌కుమార్ కుళాయి దగ్గర ఆగిపోయాడు. దొరబాబు, అప్పాజీ మాస్టారు మేడెక్కారు.

గదిలో బల్ల వెనకాల గుమస్తా, కిటికీ దగ్గర జంగారెడ్డిగూడెం క్లబ్బు మేనేజరు వీరాస్వామి. తెల్లబట్టలు కట్టుకుని, జేబులోంచి జీడిపప్పు తీసుకు తింటున్నాడు. ఇతగాడికి మన కుర్రాడు చిక్కలేదు పాపం అనుకుని దొరబాబు పెద్ద నమస్కారం పెట్టాడు.

"మీ కెప్టెన్ పొద్దున్నే వచ్చి సంతకం పెట్టేశాడండి" అన్నాడు గుమస్తా.

"వాడంతేనండి. ఎవరూ చెప్పక్కర్లేదు" అన్నాడు దొరబాబు మురిసిపోతూ.

"మీకు కాదండి. వీళ్ళకి."

దొరబాబుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వీరాస్వామి వైపు తిరిగాడు.

"మేం లాంచీలూ గట్రా ఎక్కలేదండి" అన్నాడు వీరాస్వామి మర్యాదగా. "బుధవారం మా ఆవిణ్ణి తీసుకుని కోటిపల్లి వెళ్ళాను. మా ఆవిడ వాళ్ళావిడకి బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. 'చిట్టియ్యగారూ, ఈ ఏడు మాకు ఆడి పెట్టాలండీ' అని అడిగాను. ఇంకేం లేదండి."

"ఇంకేం ఇవ్వలేదా?"

"మోటారుసైకిలు ఇస్తానన్నానండి. వద్దన్నారు."

అప్పాజీ మాస్టారు దొరబాబుని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాడు. "జరిగిందేదో జరిగింది. కుర్రాడికి తెలీదు కదా. సంతకం పెట్టేదాకా నోరు మెదపకు. ఆ తరవాత వాడే సర్దుకుంటాడు. పొడుగు మనిషి దక్కితే కప్పు మనదే. విన్నావా?"

ఉదయ్‌కుమార్ మెట్లెక్కి తల వంచుకుని గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. గుమస్తా పుస్తకం తెరిచి కలం ఇచ్చాడు. కలం పట్టుకుని ఆ కుర్రాడు గదంతా ఒకసారి చూశాడు. "చిట్టియ్యగారు రాలేదాండీ?"

అబద్ధం కూడా ఆడక్కర్లేదు. పెట్టు నాయనా, టైమవుతోంది అంటే సరిపోతుంది. అయిదు నిమిషాల్లో ఆరడుగుల ఆరంగుళాలూ ద్రాక్షారామానివే. కానీ దొరబాబుకి కోర్టు కనపడింది. వీడు ఇటు రింగు కింద, చిట్టియ్య అటు జట్టులో. చిట్టియ్య చేతిలో బంతి ఏ కాలానికీ వీడి చేతికి రాదు. రాకుండా చేసింది తనేనని తెలిశాక వీడు తన మొహం చూస్తాడా? తన మొహం తనే ఎలా చూసుకుంటాడు?

"చిట్టియ్య మా క్లబ్బులో లేడయ్యా" అన్నాడు. "పొద్దున్న జంగారెడ్డిగూడెం వాళ్ళకి సంతకం పెట్టాడు. ఇప్పుడే తెలిసింది. తప్పు నాదే."

అప్పాజీ మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. ఉదయ్‌కుమార్ కలం బల్ల మీద పెట్టేశాడు. చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు. "వారం రోజులు మీ అన్నం తిన్నానండి" అన్నాడు చివరికి. "మీరు వద్దంటే వెళ్ళను. కానీ..."

"వద్దనను. వెళ్ళు. ఆ పాసు ఎక్కడో ఒకచోట పడాలి కదా."

వీరాస్వామికి జీడిపప్పు గొంతుకడ్డం పడింది. గుమస్తా మంచినీళ్ళిచ్చి వీపు నిమరాల్సి వచ్చింది. అయిదు కాకముందే సంతకం అయిపోయింది.

దొరబాబు కిందికి దిగాడు. సోడాల కొట్టు పక్క, గోడకి చేరబడి, చిన్న సంచీతో చిట్టియ్య నిలబడి ఉన్నాడు. వీళ్ళంతా పైకెక్కాక వచ్చి, తను ఎక్కలేక అక్కడే ఉండిపోయినట్టున్నాడు. దొరబాబుని చూసి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎంత పని చేశావురా!" అన్నాడు దొరబాబు. కోపంగా అందామనుకున్నాడు గానీ బతిమాలినట్టు వచ్చింది.

"సామర్లకోట నుంచి ఎవర్నో తెచ్చి లాంచీలో తిప్పుతున్నారని మా రేవులో అందరూ చెప్పుకున్నారండి" అన్నాడు చిట్టియ్య. "నాకూ కబురొస్తుందనుకున్నాను. లాంచీ ఎక్కాలని కాదండి. ఈ ఏడు కూడా ఆడరా అంటారేమోనని. సోమవారం చూశాను, మంగళవారం చూశాను. బుధవారం వీళ్ళొచ్చారండి."

"నువ్వెప్పుడూ వస్తావు కదరా!"

"వస్తానండి. అందుకే మీరెప్పుడూ అడగలేదు." చిట్టియ్య నేల చూస్తూ చెప్పాడు. "వీరాస్వామిగారి ఆవిడ బొట్టు పెట్టి, 'మీ ఆయన్ని మాకు పంపండమ్మా' అంటే మా ఆవిడ ఏడ్చేసిందండి. మీ ఆట కోసం మనింటికి ఎవరైనా రావడం ఇదే మొదలు అంది. నాకు కాదనబుద్ధి కాలేదు. మోకాలు అరిగిపోయిందండి, ఈ ఏడుతో మానేద్దామనుకున్నాను. ఆఖరి ఏడు మీకే ఆడదామనుకున్నాను కూడా."

దొరబాబు సందులో అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. ఇద్దరు రిక్షావాళ్ళు ఆగి చూసి, ఎవరో పోయారనుకుని తలగుడ్డలు తీశారు. ఈలోగా వీరాస్వామి జీపు సందు చివరికి తెచ్చి హారను కొట్టాడు. ఉదయ్‌కుమార్ మెట్లు దిగి వచ్చి, చిట్టియ్యని దగ్గర్నుంచి చూసి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

దొరబాబు కళ్ళు తుడుచుకుని ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు. అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి చేసినట్టే తెచ్చి చిట్టియ్య చేతిలో పెట్టాడు. "వీడికి కంద బచ్చలి ఇష్టం. వంకాయ పెట్టకు, మొహమాటానికి తింటాడు గానీ పడదు. ఎడంపక్క ఎగరడానికి కొంచెం భయం, నువ్వే తీర్చాలి. నీ పాసు కోసం చిన్నప్పట్నుంచీ ఎదురు చూస్తున్నాడు. ఏడాది ఆడతావో ఆర్నెల్లే ఆడతావో, వీడికి మాత్రం బాగా వెయ్యి."

"అలాగేనండి" అన్నాడు చిట్టియ్య. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

ఇద్దరూ జీపెక్కారు. బండి కదలబోతుంటే దొరబాబు పరుగెత్తుకెళ్ళి కమ్మీ పట్టుకున్నాడు.

"ఒరే, ఆగు. వచ్చే ఏడు నువ్వాడలేవు కదా. మా పిల్లలకి ఆట నేర్పడానికి వస్తావా? రామతులసిని తీసుకుని మీ ఇంటికొచ్చి మళ్ళీ అడుగుతాను. ఇప్పుడు కూడా అడుగుతున్నాను. వస్తావా?"

చిట్టియ్య వెంటనే నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని లోపలే ఆపుకున్నాడు. ఎదురుగా కమ్మీ పట్టుకుని, తన నోటి వంకే చూస్తున్న దొరబాబుని కాసేపు అలా చూశాడు.

"ఆలోచించుకుని చెప్తానండి" అన్నాడు.

"అలాగే. తొందరేం లేదు, నీ వీలు చూసుకుని చెప్పు" అని దొరబాబు కమ్మీ వదిలేశాడు.